పదేళ్ల నాటి క్రెడిట్ కార్డు బాకీ: ఇప్పుడొచ్చే ఫోన్లకు చట్టంలో ఉన్న బలమెంత?

ఎప్పుడో 2015, 2016 ప్రాంతంలో వాడిన క్రెడిట్ కార్డు. ఉద్యోగం పోయిందో, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదో, కట్టలేక వదిలేశారు. బ్యాంకు వాళ్లు ఏడాదో రెండేళ్లో ఫోన్లు చేసి ఆపేశారు. ఈలోపు ఊరు మారింది, నంబరు మారింది, జీవితం కాస్త గాడిన పడింది. ఇప్పుడు, ఎన్నడూ పేరు వినని ఒక కంపెనీ నుంచి ఫోన్: "మీ బాకీ రెండు లక్షల తొంభై వేలు. ఈ నెలాఖరులోగా అరవై వేలు కడితే సెటిల్ చేస్తాం. లేదంటే కోర్టు కేసు, జీతం అటాచ్‌మెంట్, పోలీసులు."

ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకు చుట్టుపక్కల నుంచి రెండు రకాల సలహాలు అందుతాయి. మూడేళ్లు దాటింది కాబట్టి పైసా కట్టక్కర్లేదు, ఫోన్ బ్లాక్ చేసెయ్ అని ఒకరు. అప్పు అప్పే, కట్టకపోతే జైలే అని ఇంకొకరు. రెండూ సగం సగం నిజాలే. గందరగోళం ఎక్కడొస్తోందంటే, వేర్వేరుగా అడగాల్సిన నాలుగు ప్రశ్నలను అందరూ ఒకే ప్రశ్నగా అడుగుతున్నారు. బాకీ ఉందా, ఉంటే ఎంత? అడుగుతున్న వాళ్లకు అడిగే హక్కు ఉందా? కోర్టు ద్వారా వసూలు చేయించుకునే గడువు మిగిలి ఉందా? కోర్టు సంగతి ఎలా ఉన్నా, సిబిల్ రిపోర్టు (మన అప్పుల చరిత్ర) మీద, బ్యాంకు ఖాతా మీద దీని ప్రభావం ఏమిటి? ఒకదానికి జవాబు "లేదు" అయినంత మాత్రాన మిగతా మూడూ మాఫీ అయిపోవు.

ఈ కొత్త కంపెనీ ఎక్కడి నుంచి వచ్చింది?

స్టేట్‌మెంట్‌లో చూపిన గడువు తేదీ నుంచి 90 రోజుల్లోగా కనీసం మినిమం డ్యూ కూడా పూర్తిగా కట్టకపోతే బ్యాంకు ఆ కార్డు ఖాతాను మొండి బకాయిగా, అంటే ఎన్‌పీఏగా చూపిస్తుంది. కొంతకాలం తర్వాత తన పుస్తకాల్లోంచి తీసేస్తుంది. దీన్నే రైటాఫ్ అంటారు. "రైటాఫ్ చేశారట, అంటే మాఫీ అయినట్టే కదా" అని చాలామంది అనుకుంటారు. కానే కాదు. రైటాఫ్ బ్యాంకు లెక్కల సర్దుబాటు మాత్రమే. అడిగే హక్కును బ్యాంకు అలాగే ఉంచుకుంటుంది.

అలాంటి ఖాతాలను వేల సంఖ్యలో ఒక మూటగా కట్టి అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీలకు, అంటే ఏఆర్‌సీలకు అమ్ముతారు. ఇవి 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టర్ అయిన సంస్థలు. అసలు మొత్తంలో కొంత భాగానికే కొంటాయి కాబట్టి మూడు లక్షల బాకీని అరవై వేలకు సెటిల్ చేసినా వాటికి గిట్టుబాటు అవుతుంది. ఇలా అమ్మడానికి అప్పు తీసుకున్నవారి అనుమతి అవసరం లేదు. బ్యాంకులు బాకీలను ఒకదానికొకటి బదిలీ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2010లో ఐసీఐసీఐ బ్యాంకు కేసులో చెప్పింది.

ఫోన్ చేసే వాళ్లు రెండు రకాలని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఒకరు బాకీని కొనుక్కున్న ఏఆర్‌సీ. ఇంకొకరు బ్యాంకు తరఫునో ఏఆర్‌సీ తరఫునో కమీషన్ మీద పనిచేసే రికవరీ ఏజెన్సీ. మొదటివారు సొంతదారు, రెండోవారు మధ్యవర్తి. ఈ రెంటిలో ఏదీ కాకుండా, ఎక్కడో లీకైన డేటాతో ఫోన్ చేసే మోసగాళ్లు మూడో రకం. ఆస్తి బదిలీ చట్టం 130వ సెక్షన్ ప్రకారం బాకీ బదిలీ రాతపూర్వకంగా జరగాలి. కాబట్టి "ఏ తేదీన, ఏ ఒప్పందం ద్వారా నా ఖాతా మీకు వచ్చింది?" అన్న ప్రశ్నకు నిజమైన ఏఆర్‌సీ దగ్గర కాగితం ఉంటుంది. పాత బ్యాంకుకే ఒక మెయిల్ పెట్టినా ఖాతా ఎవరికి అమ్మారో తెలుస్తుంది. ఈ ప్రశ్న అడగడం వల్ల బాకీ ఒప్పుకున్నట్టు కాదు.

ఇంకో సంగతి. బాకీ చేతులు మారినంత మాత్రాన గడువు మళ్లీ మొదలవదు. అమ్మిన బ్యాంకుకు ఎంత గడువు మిగిలి ఉందో, కొన్నవాళ్లకూ అంతే.

ప్రోనోటు రూలే కార్డుకూ

మన ఊళ్లలో ప్రోనోటు మీద అప్పు ఇచ్చిన ఎవరినడిగినా ఈ చట్టం సారం చెబుతారు. నోటుకు మూడేళ్లు. ఆ మూడేళ్లు నిండకముందే అప్పిచ్చినవాళ్లు వచ్చి, వందో రెండొందలో జమ తీసుకుని, నోటు వెనకాల చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. అప్పటి నుంచి ఇంకో మూడేళ్లు. చెల్లు లేకుండా గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. క్రెడిట్ కార్డు బాకీకి వర్తించేది కూడా ఇదే చట్టం, 1963 నాటి లిమిటేషన్ చట్టం. డబ్బు వసూలు దావాకు సాధారణ గడువు మూడేళ్లు.

గడువు దాటాక వేసిన దావాను కోర్టు కొట్టేయాలని ఈ చట్టం 3వ సెక్షన్ అంటుంది. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా సరే, జడ్జి స్వయంగా చూడాలి. అయితే కాలదోషం దావా వేసే దారిని మూస్తుంది తప్ప బాకీని తుడిచేయదు. దీని ప్రభావం ఎక్కడ కనిపిస్తుందంటే, 1992లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో ఒక హామీదారు తాకట్టు పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువు దాటాక బ్యాంకు అప్పులో జమ చేసుకుంది. అది తప్పు కాదంది సుప్రీంకోర్టు. ఎందుకంటే కోర్టు గుమ్మం మూసుకున్నా, చేతిలో ఉన్న పూచీ మీద హక్కు పోలేదు. కార్డు బకాయి పడ్డ బ్యాంకులోనే సేవింగ్స్ ఖాతానో డిపాజిట్టో ఉంచుకున్నవాళ్ల డబ్బును బ్యాంకు లీన్ (బాకీ తీరేదాకా పట్టి ఉంచే హక్కు) పేరుతో ఆపేయడం వెనక ఉన్న వాదన కూడా ఇలాంటిదే. ఏఆర్‌సీకి ఆ వెసులుబాటు ఉండదు, దాని దగ్గర మన డబ్బేమీ లేదు కాబట్టి.

మూడేళ్లు ఎప్పటి నుంచి?

ఇక్కడే అసలు వాదనలన్నీ. కార్డుకు ప్రోనోటులా ఒక తేదీ ఉండదు. ప్రతి నెలా కొత్త స్టేట్‌మెంట్, కొత్త గడువు. కట్టాల్సిన తేదీ దాటిన రోజే హక్కు పుట్టింది, అక్కడి నుంచి లెక్కించాలని బాకీదారు తరఫు వాదన. ఇది నడుస్తున్న ఖాతా, చివరి చెల్లింపు నుంచో, మొత్తం ఒకేసారి కట్టమని రీకాల్ నోటీసు ఇచ్చిన రోజు నుంచో లెక్కించాలని బ్యాంకుల తరఫు వాదన. ఏ కేసులో ఏది నిలబడుతుందన్నది కార్డు ఒప్పందంలోని మాటల మీద, కోర్టు ముందుకొచ్చిన కాగితాల మీద ఆధారపడుతుంది. అందుకే ఎవరైనా లాయరు దగ్గరికి వెళ్తే మొదట అడిగేవి చివరిసారి వాడిన తేదీ, చివరిసారి కట్టిన తేదీ, బ్యాంకు నోటీసు తేదీ.

ఒక ఉదాహరణ వేసుకుందాం. వరంగల్‌లో ఒక ఉద్యోగి 2016 జూన్‌లో చివరిసారి కట్టారు. 2016 జూలై 5 గడువుకు కట్టలేదు. ఆ తర్వాత ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఏ దావా పడలేదు. ఆ తేదీ నుంచి లెక్క వేస్తే 2019 జూలైతో గడువు అయిపోయింది. ఇప్పుడు ఫోన్ చేసే ఏఆర్‌సీ కొత్తగా దావా వేసి గెలవడం చాలా కష్టం.

ఇప్పుడు తేదీలు కొంచెం మార్చి చూద్దాం. విజయవాడలో ఇంకొకరు 2018 సెప్టెంబర్ 5 గడువు తప్పారు. మామూలుగా 2021 సెప్టెంబర్‌తో మూడేళ్లు నిండాలి. కానీ కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయించాలని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఆదేశించింది. 2020 మార్చి 15 నాటికి ఈయనకు సుమారు ఏడాది ఐదున్నర నెలల గడువు మిగిలి ఉంది. అది 2022 మార్చి 1 నుంచి మళ్లీ నడిచి 2023 ఆగస్టు దాకా వెళ్తుంది. 2022లో దావా వేసి ఉంటే అది గడువులోపు దావానే. "మూడేళ్లు" అని వేళ్ల మీద లెక్కేసుకుని సమన్లు పక్కన పడేసినవాళ్లు దెబ్బతినేది ఇలాంటి చోటే.

ఒక సంతకం, ఒక మెయిల్, వెయ్యి రూపాయలు

గడువు మళ్లీ మొదలయ్యే దారులు చట్టంలో ప్రధానంగా మూడు ఉన్నాయి. వీటి మధ్య తేడా సన్నగా ఉంటుంది గానీ ఫలితంలో చాలా పెద్దది.

గడువు ఇంకా మిగిలి ఉండగా, బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు అంటుంది 18వ సెక్షన్. "ఇవ్వాల్సింది నిజమే, కానీ ఇప్పుడు ఇవ్వను" అని రాసినా అది ఒప్పుకోలే. నిరాకరణ కలిపినంత మాత్రాన ఒప్పుకోలు చెల్లకుండా పోదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. మెయిల్‌లో ఒప్పుకుంటే సంతకం కిందికి వస్తుందా? సమాచార సాంకేతిక (ఐటీ) చట్టాన్ని కలిపి చదివి వస్తుందని కర్ణాటక హైకోర్టు 2013లో ఒక కేసులో చెప్పింది. ఫోన్‌లో నోటిమాటగా అన్నది ఈ సెక్షన్ కిందికి రాదు.

రెండోది, మన చెల్లు. గడువులోపు కొంత కడితే, కట్టినట్టు కట్టినవారి చేతిరాతలోనో సంతకంతోనో నమోదు ఉంటే, 19వ సెక్షన్ ప్రకారం మళ్లీ మూడేళ్లు. "ముందు ఒక వెయ్యి వేయండి సార్, మీ ఉద్దేశం మంచిదని మేనేజర్‌కి చూపిస్తాను" అనే ఏజెంటు మాటకు గడువు ఇంకా ఉన్న ఖాతా విషయంలో ఇంత బరువు ఉంది.

మూడోది గడువు దాటాక సంగతి. యూట్యూబ్ వీడియోల్లో చాలావరకు తప్పు చెప్పేది దీని గురించే. గడువు దాటాక ఒక వెయ్యి కట్టినంత మాత్రాన 18, 19 సెక్షన్ల కింద కాలదోషం పోదు. అవి రెండూ గడువులోపు జరిగిన వాటికే. కానీ కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని సంతకం చేసి రాసిస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లోని మూడో క్లాజు ప్రకారం అది కొత్త ఒప్పందమే అవుతుంది. దాని మీద దావా వేయవచ్చు. సెటిల్‌మెంట్ లేఖ అని చెప్పి సంతకం అడిగే కాగితంలో "మొత్తం బాకీని అంగీకరిస్తూ, వాయిదా తప్పితే పూర్తి మొత్తం చెల్లిస్తానని హామీ ఇస్తున్నాను" అనే వాక్యం ఉంటే, చచ్చిన దావాకు ప్రాణం పోసేది ఆ వాక్యమే.

జవాబు రాసే తీరులో తేడా చూడండి. "అయ్యా, నా పరిస్థితి బాగోలేదు, బాకీ నెమ్మదిగా తీరుస్తాను, కొంచెం టైమివ్వండి." మర్యాదగా, నిజాయితీగా రాసిన ఈ రెండు ముక్కలే పూర్తి ఒప్పుకోలు, పైగా హామీ. అదే, "మీ లేఖలో చూపిన మొత్తాన్ని నేను అంగీకరించడం లేదు. ఈ ఉత్తరాన్ని బాకీ ఒప్పుకోలుగా భావించరాదు. ఖాతా బదిలీ పత్రం, చివరి చెల్లింపు తేదీ, అసలు, వడ్డీ, ఛార్జీలు విడివిడిగా చూపే స్టేట్‌మెంట్ పంపగలరు" అని రాస్తే, అడగాల్సినవన్నీ అడిగినట్టు ఉంటుంది, కొత్తగా ఏమీ ఇచ్చినట్టు ఉండదు. ఇందులో అబద్ధమూ లేదు, ఎగవేతా లేదు.

అరవై వేలు మూడు లక్షలెలా అయింది?

కార్డు వడ్డీ నెలకు మూడు నుంచి మూడున్నర శాతం, కొన్నిటికి అంతకంటే ఎక్కువ. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. అరవై వేల అసలు మీద నెలకు 3.5 శాతం అంటే 2,100, దాని మీద జీఎస్టీ 378. కలిపి నెలకు 2,478 రూపాయలు. బారువడ్డీ వేసినా ఎనిమిదేళ్లకు, అంటే 96 నెలలకు 2,37,888. అసలుతో కలిపితే 2,97,888. అదే నెలనెలా చక్రవడ్డీ లెక్కిస్తే 29 లక్షలు దాటుతుంది. ఏజెంటు చెప్పే అంకె ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. లేట్ ఫీజులు, ఓవర్ లిమిట్ ఛార్జీలు అదనం. కాబట్టి విడగొట్టిన లెక్క లేని మొత్తానికి పెద్దగా అర్థం లేదు.

వడ్డీకి పరిమితి ఉందా? కార్డుల మీద 30 శాతం దాటి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది. వడ్డీ రేట్ల వ్యవహారం రిజర్వ్ బ్యాంకు చూసుకోవాల్సిందని తేల్చింది. అయితే కట్టని ఛార్జీలు, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన క్రెడిట్ కార్డు నిబంధనల్లో ఉంది. లెక్క విడగొట్టి చూస్తేనే అలాంటివి బయటపడతాయి.

బెదిరింపుల్లో ఏది నిజం?

పోలీసుల సంగతి మొదట. కార్డు బిల్లు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. 420 కేసు అని ఇప్పటికీ బెదిరిస్తారు. 2024 జూలై నుంచి మోసం నేరం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్‌లో ఉంది. నంబరు ఏదైనా, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. దొంగ పత్రాలతో కార్డు తీసుకుంటే అది వేరే కథ. ఉద్యోగం పోయి కట్టలేకపోతే ఆ సెక్షన్ వర్తించదు. చెక్కు బౌన్స్ మాత్రం నేరమే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద. అందుకే సెటిల్‌మెంట్ కోసం రాబోయే తేదీలు వేసి చెక్కులివ్వడం చిన్న విషయం కాదు. అప్పటిదాకా సివిల్‌గా ఉన్న వ్యవహారానికి క్రిమినల్ కోర్టు దారి అలా తెరుచుకుంటుంది. కాలదోషం పట్టిన అప్పుకు ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే 138 వర్తిస్తుందా లేదా అన్నదానిపై కోర్టుల్లో భిన్నమైన తీర్పులున్నాయి.

జీతం అటాచ్‌మెంట్, అంటే జీతంలోంచి కోత, కోర్టు డిక్రీ, అంటే డబ్బు కట్టాలన్న తీర్పు వచ్చాకే. అప్పుడు కూడా మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ అంటుంది. జీతం నలభై వేలైతే వెయ్యి తీసేసి 39,000లో మూడో వంతు, అంటే 13,000 వరకే. అది కూడా ఒక డిక్రీకి మొత్తం 24 నెలలకు మించి కాదు. ప్రావిడెంట్ ఫండ్ జోలికి రాకూడదు. డిక్రీ బాకీకి సివిల్ జైలు అనేది చట్టంలో ఉంది. కానీ స్తోమత ఉండి కూడా దురుద్దేశంతో ఎగ్గొడితేనే అని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు గిరి గీసింది. డబ్బు డిక్రీ కోసం మహిళలను అరెస్టు చేయడానికి 56వ సెక్షన్ అసలే ఒప్పుకోదు.

కార్డుదారు చనిపోతే పిల్లల్ని, భార్యనో భర్తనో ఒత్తిడి చేయడం చూస్తుంటాం. వారసుల బాధ్యత వారికి సంక్రమించిన ఆస్తి విలువ వరకే. ఆస్తేమీ రాకపోతే సొంత జీతంలోంచి కట్టాల్సిన బాధ్యత లేదు.

ఏజెంట్ల తీరుపై 2022 ఆగస్టు 12న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం స్పష్టంగా ఉంది. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత బకాయి కోసం ఫోన్ చేయకూడదు. బూతులు, బెదిరింపులు, పేరు చెప్పకుండా చేసే ఫోన్లు, నలుగురిలో పరువు తీయడం, బంధువులను, స్నేహితులను, రిఫరెన్సుగా ఇచ్చినవాళ్లను వేధించడం కుదరదు. ఇంటికొచ్చే ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. ఏజెంటు చేసిన తప్పుకు బ్యాంకే బాధ్యురాలు. ఫిర్యాదు ముందు బ్యాంకుకు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు నియమించే ఫిర్యాదుల అధికారి అంబుడ్స్‌మన్ దగ్గరికి పైసా ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. చంపుతామనడం, ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపడం లాంటివి పోలీసు స్టేషన్ వ్యవహారాలే, అంబుడ్స్‌మన్ దాకా ఆగక్కర్లేదు. బాకీ ఉన్నంత మాత్రాన మనిషి పరువు మీద ఎవరికీ హక్కు రాదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

నోటీసు వేరు, సమన్లు వేరు

లాయరు లెటర్‌హెడ్ మీద ఎర్ర అక్షరాలతో వచ్చే కాగితం లీగల్ నోటీసు. దాన్ని పంపడానికి కోర్టు అనుమతి అక్కర్లేదు. సమన్లలో కోర్టు పేరు, ఓ.ఎస్. నంబరు (దావా నంబరు), హాజరు కావాల్సిన తేదీ, కోర్టు ముద్ర ఉంటాయి. కోర్టు అమీనా తెచ్చివ్వవచ్చు, రిజిస్టర్డ్ పోస్టులో రావచ్చు. నిజమో కాదో ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరుతోనో పేరుతోనో వెతికి చూసుకోవచ్చు.

లోక్ అదాలత్ పిలుపు ఈ రెండూ కాదు. అది రాజీకి ఆహ్వానం. ఇష్టం లేకపోతే ఒప్పుకోనక్కర్లేదు, వెళ్లనందుకు అరెస్టులేమీ ఉండవు. కానీ వెళ్లి రాజీ మీద సంతకం పెడితే ఆ అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

ఇక ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తగాదా తేల్చే పద్ధతి. చాలా కార్డు ఒప్పందాల్లో ఈ క్లాజు చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో నోటీసు వస్తుంది. ఏదో స్పామ్ అనుకుని వదిలేస్తే అవార్డు వచ్చేస్తుంది, అది కూడా డిక్రీలా అమలవుతుంది. ఆర్బిట్రేషన్‌కూ లిమిటేషన్ చట్టమే వర్తిస్తుంది. ఒక పక్షం తనకిష్టమైన ఆర్బిట్రేటర్‌ను ఏకపక్షంగా నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. అయితే ఈ అభ్యంతరాలు ఎవరో ఒకరు లేవనెత్తితేనే ఫలితం.

కాలదోషాన్ని కోర్టే స్వయంగా చూడాలని పైన చెప్పుకున్నాం. అది నమ్ముకుని సమన్లకు వెళ్లకుండా ఉండటం ఎందుకు ప్రమాదమంటే, గడువు ఉందని చూపే తేదీలనే అవతలివారు దావాలో రాస్తారు. కాదనేవాళ్లు లేకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఒక పక్షం మాట మీదే ఇచ్చే తీర్పు వస్తుంది. డిక్రీ వచ్చాక లెక్క మూడేళ్లు కాదు, అమలుకు పన్నెండేళ్లు. పదేళ్ల తర్వాత ఫోన్ చేసిన ఏఆర్‌సీ చేతిలో 2018 నాటి ఎక్స్‌పార్టీ డిక్రీ ఉంటే కాలదోషం మాటే ఎత్తలేం. సమన్లు సరిగా అందలేదని చూపితే, తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడిగే దారి ఉంది. లాయరుకు ఇచ్చుకోలేనివాళ్లు న్యాయ సేవాధికార సంస్థను 15100 నంబరులో అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది.

కట్టాలా వద్దా: రెండు వైపుల వాదన, మధ్యలో సిబిల్

వాడుకున్న డబ్బు కట్టాల్సిందేనని, ఎగ్గొట్టేవాళ్ల భారం సక్రమంగా కట్టేవాళ్ల వడ్డీలో పడుతుందని బ్యాంకుల వైపు నుంచి చెబుతారు. అది కొట్టిపారేసే మాట కాదు. గడువు చట్టం కూడా ఎగవేతదారుల కోసం పుట్టింది కాదు. పదేళ్లు గడిచాక రసీదులు దొరకవు, కట్టింది కట్టినట్టు నిరూపించుకోలేం, ఎవరూ జీవితాంతం పాత లెక్కల భయంలో బతకకూడదు. అడగాల్సినవాళ్లు సకాలంలో అడగాలన్నది దాని ఉద్దేశం. కట్టగలిగి, మనసులో బరువు దించుకోవాలనుకునేవాళ్లు కాలదోషం పట్టిన బాకీని కూడా కట్టవచ్చు. అది వాళ్ల నిర్ణయం. దాన్ని భయంతో తీసుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

ఆచరణలో ఎక్కువమందిని సెటిల్‌మెంట్ వైపు నడిపేది కోర్టు కన్నా సిబిల్. సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలి. కాలదోషం పట్టినంత మాత్రాన "రిటన్ ఆఫ్" అన్న ముద్ర పోదు. తక్కువ మొత్తానికి రాజీపడితే "సెటిల్డ్" అని పడుతుంది, ఇంటి లోను ఇచ్చే బ్యాంకు దాన్ని కూడా అనుమానంగానే చూస్తుంది. మొత్తం కడితేనే "క్లోజ్డ్". కాబట్టి అరవై వేలు కడితే రిపోర్టులో ఏ మాట పడుతుందో కట్టకముందే లేఖలో రాయించుకున్నవాళ్లకు, కట్టాక నో డ్యూస్ పత్రం కోసం తిరిగేవాళ్లకు చాలా తేడా ఉంటుంది. ఆ లేఖలో ఖాతా నంబరు, "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట, డబ్బు జమ కావాల్సిన కంపెనీ ఖాతా ఉండాలి. ఏజెంటు సొంత యూపీఐకి పంపిన డబ్బు బాకీలో జమ అవుతుందన్న భరోసా లేదు.

రిపోర్టులో తప్పులుంటే సరిచేయమని అడగవచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫోన్ చేసిన కంపెనీ పేరు ఆ రిపోర్టులో మీ ఖాతా ఎదురుగా ఉందో లేదో చూస్తే అసలు, నకిలీ సంగతి కూడా కొంత తెలుస్తుంది.

దేశం దాటిన వాళ్ల లెక్క

బాకీ ఇక్కడ పెట్టి అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లినవాళ్లు మూడేళ్ల లెక్క వేసుకునేటప్పుడు లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్‌ను మరిచిపోతారు. ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని గడువులోంచి మినహాయించాలని అందులోని ఐదో క్లాజు. 2016లో గడువు తప్పి, 2017లో డాలస్ వెళ్లి, 2025లో తిరిగొచ్చిన వ్యక్తి విషయంలో బ్యాంకు తరఫు లాయరు ఎత్తే మొదటి వాదన ఇదే కావచ్చు. అక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో తిరిగే "30 రోజుల్లో వాలిడేషన్ లెటర్ పంపు" అన్న సలహా అమెరికాలోని 1977 నాటి చట్టానిది. అక్కడి కలెక్షన్ ఏజెన్సీలకు అది పనిచేస్తుంది, ఇక్కడి ఏఆర్‌సీలకు వర్తించదు.

దుబాయిలో కార్డు వాడి వదిలేసి కరీంనగర్‌కో, నిజామాబాద్‌కో, కడపకో తిరిగొచ్చినవాళ్ల పరిస్థితి 2020 జనవరి 17న మారింది. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద నోటిఫై చేసింది. అక్కడి నిర్ణీత కోర్టులు ఇచ్చిన డబ్బు డిక్రీని ఇక్కడ మళ్లీ దావా వేయకుండా నేరుగా జిల్లా కోర్టులో అమలుకు పెట్టవచ్చు. దానికి గడువు ఎంతన్నది డిక్రీ ఇచ్చిన దేశపు చట్టాన్ని బట్టి చూడాలని అదే ఏడాది మార్చిలో బ్యాంక్ ఆఫ్ బరోడా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందకుండా, వాదన వినకుండా ఇచ్చిన డిక్రీ అయితే అదే కోడ్ 13వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పవచ్చు. కాబట్టి గల్ఫ్ బ్యాంకు పేరుతో హైదరాబాద్ నుంచో ముంబై నుంచో ఫోన్ వచ్చినప్పుడు మొదట తెలుసుకోవాల్సింది అక్కడ కేసు పడిందా, డిక్రీ అయిందా, అయితే ఏ తేదీన, నోటీసు ఏ చిరునామాకు పంపారు అన్నది.